వంతులు రాసిందెవరు, నీళ్లు పారించేదెవరు: నారాయణపేట జిల్లాలో ఒక చెరువు తగాదా, రెండు రాజీలు

నారాయణపేట జిల్లాలో ఒక చెరువు నీళ్ల మీద రెండు ఊళ్ల మధ్య 2022-23 యాసంగిలో (రబీ పంటకాలంలో) తగాదా వచ్చింది. దానికి రెండుసార్లు రాజీ కుదిరింది. మొదటి రాజీ నెల తిరక్కుండానే చెడిపోయింది. రెండోది మరుసటి ఏడు వచ్చిన నీటి కరువును కూడా తట్టుకుంది. రెండుసార్లూ చెరువు అదే, ఆయకట్టు అదే, ఊళ్లూ అవే. మారిందేమిటో చెప్పడానికే ఈ కేసు రాస్తున్నాను. పాలమూరు ప్రాంతంలో ఊరి తగాదాల్లో మధ్యవర్తిగా ఉండడం, మహిళా సర్పంచులకు, వార్డు మెంబర్లకు శిక్షణ ఇవ్వడం నా పని. ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు రాయడం లేదు. కేసులు రాజీ అయినా ఆ మనుషులు రేపు కూడా ఒకరి ముఖం ఒకరు చూసుకుని అక్కడే బతకాలి.

చెరువు, తండా, వలస

చెరువు పాత ఊరి శివారులో ఉంది. ఆయకట్టులో, చెరువు నీళ్లు వదిలే తూముకు దగ్గరి మళ్లు ఆ ఊరి రైతులవి, చివరి మళ్లు లంబాడీ తండావాళ్లవి. 2018 దాకా తండా ఆ ఊరి పంచాయతీలోనే ఉండేది. ఆ ఏడు కొత్త పంచాయతీరాజ్ చట్టం వచ్చి, రాష్ట్రంలో వెయ్యికి పైగా తండాలు, గూడేలు సొంత పంచాయతీలైనప్పుడు ఇదీ విడిపోయింది. పంచాయతీలు రెండయ్యాయి గానీ చెరువు ఒక్కటే.

ఒకప్పుడు ఈ చెరువు కింద యాసంగి వరి అన్న ముచ్చటే లేదు. వానాకాలం పంట చేతికొస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. దసరా దాటగానే, కూలీలను తోలుకుపోయే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని ముంబై, పుణె, బెంగళూరు బస్సెక్కేవాళ్లు. మిషన్ కాకతీయలో పూడిక తీశారు. భీమా ఎత్తిపోతల నీళ్లు చెరువుకు చేరాయి. రెండో పంట మీద ఆశ పుట్టింది, దాని వెంటే తగాదా పుట్టింది. నీళ్లు లేనన్నాళ్లు పంచుకునే అవసరమే రాలేదు మరి.

తండాలో మాత్రం ఒక సంగతి మారలేదు. మగవాళ్లు ఇప్పటికీ వలస పోతున్నారు. ఒక్క యాసంగి వడ్లతో తీరే అప్పులు కావు అవి. కాబట్టి యాసంగిలో నాటు వేసినా, నీళ్లు పారించేది, కలుపు తీసేది, కోతల దాకా చూసుకునేది ఇంట్లో మిగిలిన ఆడవాళ్లు, ముసలివాళ్లు. ఈ కేసంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరిగింది.

2022 డిసెంబరులో నాట్లు మొదలైన రోజుల్లో తండాకు నీళ్లు పోయే పంట కాలువకు ఎవరో రాత్రిపూట అడ్డుకట్ట వేశారు. తెల్లారి మాటా మాటా పెరిగింది. పార కట్టెలు లేచాయి. రెండు తలలు పగిలాయి. ఇరుపక్షాలూ ఫిర్యాదులిచ్చాయి, కౌంటర్ కేసులు పడ్డాయి, ఇరువైపులా కొందరిని తహసీల్దార్ ముందు బైండోవర్ చేశారు, అంటే ఇక గొడవ పడబోమని పూచీకత్తు రాయించుకున్నారు. అప్పట్లో అది సీఆర్‌పీసీ 107 సెక్షన్, ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్‌లో 126.

పోలీసు రికార్డులో ఉన్న తగాదా ఇంతే. రికార్డుకు ఎక్కని తగాదా ఇంకా పెద్దది. తండా ఆడవాళ్లను నాట్లకు పిలవొద్దని ఊరి రైతులు మాట కట్టుకున్నారు. గుట్ట మీదికి మేకలు, పశువులు పోయే తొవ్వ తండా మధ్యలోంచి పోతుంది. తండావాళ్లు దాన్ని మూసేశారు. పంచాయతీలు విడిపోయినా మహిళా సంఘాల గ్రామ సమాఖ్య ఇంకా ఉమ్మడిగానే ఉంది. దాని మీటింగులు ఆగిపోయాయి. బ్యాంకు కిస్తీలు ఆగాయి. కిస్తీ తప్పితే తర్వాతి లోన్ రాదు, ఆ బాధ రెండు ఊళ్ల ఆడవాళ్లదీ.

మొదటి రాజీ

పెద్దమనుషులు, మండల అధికారులు కలిసి పది రోజుల్లోపే రాజీ కుదిర్చారు. తొందరగా కుదిర్చినందుకు వాళ్లను తప్పు పట్టను, ఆ వేడిలో ఇంకో తల పగలకుండా చూడడం అవసరమే. కానీ ఆ రోజు ఎవరిని పిలిచారో చూడండి. కేసుల్లో పేర్లున్నవాళ్లు, వాళ్ల తరఫు పెద్దమనుషులు, ఆయకట్టులో పాసుపుస్తకం ఉన్న రైతుల్లో నలుగురైదుగురు. సర్పంచుల సీట్లు రెండు పంచాయతీల్లోనూ మహిళలకు రిజర్వ్ అయ్యాయి, ఇద్దరు సర్పంచులూ ఆడవాళ్లే. వచ్చింది మాత్రం ఇద్దరు భర్తలు. గదిలో ఒక్క ఆడమనిషి లేదు. కాగితం మీద సర్పంచుల సంతకాలు తర్వాత ఇళ్లకు తీసుకెళ్లి పెట్టించారు.

కాగితంలోని అసలు షరతు ఇది: పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా నీళ్లు ఊరికి, సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఆరు దాకా తండాకు. తప్పినవాళ్లకు జుర్మానా. చూడడానికి సమంగా ఉంది, పన్నెండు గంటలు, పన్నెండు గంటలు. రాసినవాళ్లు నిజంగానే న్యాయం చేశామనుకున్నారు.

సంక్రాంతి రాకముందే అది చెడింది. తండావాళ్లు పగలు కాలువ తిప్పుకుంటున్నారని ఊరివాళ్ల ఫిర్యాదు. జుర్మానా కట్టమన్నారు, కట్టం అన్నారు. మళ్లీ కట్టెలు బయటికొచ్చే పరిస్థితి. గ్రామ సమాఖ్యలో పనిచేసే ఒకావిడ అప్పుడు నాకు ఫోన్ చేసింది. కిస్తీల గురించి మాట్లాడాలని చేసింది, మాటల్లో ఇదంతా బయటపడింది.

తండా నుంచి తూము దాకా

నేను ముందు మగవాళ్లతో మాట్లాడలేదు. వాళ్ల వాదనలు కాగితాల్లో ఉన్నాయి. తండాకు పొద్దుగూకే వేళ వెళ్లి ఆడవాళ్లతో కూర్చున్నాను. అందరూ యాడి (లంబాడీ మాటలో అమ్మ) అని పిలిచే పెద్దావిడ ఒకరున్నారు. కూర్చుని చెప్తే నాకు తెలియదనుకున్నారేమో, టార్చిలైటు పట్టుకుని లేచారు. "రా బిడ్డా, నడిచి చూద్దువు."

తండా నుంచి మళ్లకు, అక్కడి నుంచి కాలువ వెంట తూము దాకా నడిచాం. దారిలో రోడ్డు కల్వర్టు. కల్వర్టు పక్కనే బెల్టుషాపు. దాని ముందు నుంచి తప్ప వేరే తొవ్వ లేదు. రాత్రి పదింటికో రెండింటికో నీళ్లు మళ్లించడానికి పోవాలంటే ముగ్గురు ఆడవాళ్లు కలిసి పోవాలి, ముగ్గురి ఇళ్లలోనూ పిల్లలు ఒంటరిగా ఉండాలి. కొందరు రెండు రాత్రులు పోయి మూడో రాత్రి మానేశారు. మడి ఎండుతుంటే చూస్తూ ఉండలేక పగలు కాలువ తిప్పారు. ఊరివాళ్లు దొంగతనం అన్నది దీన్నే. "గా కాగితం రాసినోళ్లల్ల ఒక్కడన్నా రాత్రి గీ తొవ్వల నడిచిండా?" అని యాడి అడిగింది.

కల్వర్టు దగ్గర ఇంకో ఆవిడ ఆగి, కాలువలో అడ్డంగా పెట్టిన మట్టి గోనెసంచి చూపించింది. కాలువ మూడు చోట్ల తెగి ఉంది, అక్కడక్కడ పూడిపోయింది. తూము ఎత్తాక ఈ కల్వర్టు దాకా నీళ్లు రావడానికే మూడు గంటలు పడుతుందని ఆమె లెక్క. "పన్నెండు గంటలని రాసిండ్రు. గా మూడు గంటలు ఎవరి ఖాతాల పోయినట్టు అక్కా?" ఊరివాళ్ల మళ్లు తూము పక్కనే కాబట్టి వాళ్లకు పన్నెండుకు పన్నెండు గంటలూ నీళ్లే. తండాకు తొమ్మిది. ఏ కాగితంలోనూ లేని ఈ లెక్క నీళ్లు పారించే ప్రతి ఆడమనిషికీ తెలుసు. మొదటి రాజీలో కూర్చున్న తండా మగవాళ్లలో ఇద్దరు ఆ రాజీ అయిన వారానికే పుణె వెళ్లిపోయారు.

కుర్చీ ఎవరికి దొరుకుతుంది

ఈ కథ ఒక్క తండాదే అయితే ఇంత రాసేదాన్ని కాదు. ఎక్కడ సంధి మాట్లాడినా కుర్చీ కొట్లాడినవాళ్లకే వేస్తారు. ఊళ్లో అయితే ఎఫ్‌ఐఆర్‌లో పేరు, చేతిలో పాసుపుస్తకం. దేశాల మధ్య, ప్రభుత్వాల మధ్య అయితే తుపాకీ. సంధి షరతులతో రోజూ బతకాల్సినవాళ్లు కొట్లాడలేదు కాబట్టి వాళ్లను పిలవాలన్న ఆలోచనే రాదు.

1992 నుంచి 2019 దాకా ప్రపంచంలో జరిగిన ప్రధాన శాంతి చర్చలను ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం లెక్క తీస్తే, చర్చల్లో కూర్చున్నవాళ్లలో మహిళలు సగటున 13 శాతం, మధ్యవర్తుల్లో 6 శాతం, సంతకాలు చేసినవాళ్లలో 6 శాతం. శాంతి చర్చల్లో మహిళలు ఉండాలని భద్రతా మండలి 1325 నంబరు తీర్మానం చేసింది 2000 అక్టోబరు 31న. ఆ తీర్మానం తర్వాతి దాదాపు ఇరవై ఏళ్లను కలుపుకున్నా లెక్క అంతే. ఆడవాళ్లకు చేతకాక కాదు. ఉత్తర ఐర్లాండ్‌లో 1996లో ఆడవాళ్లు సొంతంగా ఒక పార్టీ పెట్టుకుని, ఎన్నికల్లో నిలబడి, చర్చల్లో రెండు సీట్లు సంపాదించారు. 1998 ఒప్పందంలో బాధితుల సంగతి, కేథలిక్, ప్రొటెస్టెంట్ పిల్లలు కలిసి చదివే సమ్మిళిత విద్య సంగతి చేరడం వెనుక వాళ్ల పట్టుదల ఉంది. ఫిలిప్పీన్స్‌లో 2014లో ముస్లిం తిరుగుబాటుదారులతో బంగ్సమోరో ఒప్పందం కుదిరినప్పుడు ప్రభుత్వం తరఫున ప్రధాన ప్రతినిధిగా సంతకం చేసింది మిరియం కొరొనెల్ ఫెరర్ అనే ప్రొఫెసర్.

మన దగ్గరికి వద్దాం. 2004 అక్టోబరు 15 నుంచి 18 దాకా హైదరాబాద్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి, నక్సలైట్లకు మధ్య చర్చలు జరిగాయి. ప్రభుత్వ పక్షానికి నాయకత్వం వహించింది నల్లగొండ జిల్లాకు చెందిన హోంమంత్రి జానారెడ్డి. అడవి నుంచి వచ్చిన ప్రతినిధులు ఐదుగురు: మావోయిస్టుల తరఫున రామకృష్ణ, సుధాకర్, గణేశ్, జనశక్తి అనే మరో నక్సలైటు పార్టీ తరఫున అమర్, రియాజ్. ఐదుగురూ మగవాళ్లే. దళాల్లో ఆడవాళ్లు లేరా అంటే ఉన్నారు. చర్చల్లో భూమి వచ్చింది, ఆయుధాలతో తిరగడం వచ్చింది, కాల్పుల విరమణ వచ్చింది. నల్లమల అడవి వైపు అచ్చంపేట, అమ్రాబాద్ ఊళ్లలో ఇటు పోలీసులకూ అటు దళాలకూ జవాబు చెప్పుకుంటూ రోజులు వెళ్లదీసిన ఆడవాళ్ల కోసం కుర్చీ వేయలేదు. 2005 జనవరికల్లా చర్చలు ఆగిపోయాయి. ఆగస్టు 15న నారాయణపేటలో మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డిని, ఆయన కొడుకు వెంకటేశ్వర్‌రెడ్డిని, మరికొందరిని మావోయిస్టులు కాల్చి చంపారు. రెండు రోజులకు మావోయిస్టు పార్టీపై నిషేధం మళ్లీ వచ్చింది. ఆడవాళ్లు కూర్చుని ఉంటే ఆ చర్చలు నిలిచేవని నేను అనలేను. ఆ వైఫల్యానికి కారణాలు వేరే, బలమైనవి. చర్చలు చెడితే ఎవరి ఇల్లు కూలుతుందో, ఆ ఇంటివాళ్ల మాట చర్చల్లో ఉండాలని మాత్రం గట్టిగా అంటాను.

నర్సిరెడ్డి కూతురు డీకే అరుణ 2024లో మహబూబ్‌నగర్ ఎంపీ అయ్యారు. మనవరాలు పర్ణికారెడ్డి 2023లో నారాయణపేట ఎమ్మెల్యే అయ్యారు. ఆ ఎన్నికల్లో 119 మంది ఎమ్మెల్యేల్లో గెలిచిన మహిళలు 10 మంది. 17 మంది ఎంపీల్లో ఇద్దరు. భూపోరాటంలో చాకలి ఐలమ్మ, మల్లు స్వరాజ్యం నడిచిన నేల ఇది. 1952లోనే ఆలేరు నుంచి ఆరుట్ల కమలాదేవిని అసెంబ్లీకి పంపిన నేల ఇది. అయినా లెక్క ఇక్కడే ఆగింది. చట్టసభల్లో మహిళలకు మూడో వంతు సీట్లు ఇచ్చే 106వ రాజ్యాంగ సవరణ 2023 సెప్టెంబరులో పార్లమెంటు దాటింది కానీ, అమలును జనగణనకు, నియోజకవర్గాల పునర్విభజనకు ముడిపెట్టారు. ఊరి స్థాయిలో మాత్రం సీట్లు వచ్చేశాయి, తెలంగాణ స్థానిక సంస్థల్లో సగం ఆడవాళ్లవే. అందుకే సీటు వచ్చాక ఏం జరుగుతుందో చూడాలంటే ఊరికే రావాలి.

ఆడవాళ్లంటే ఒకే పక్షం కాదు

రెండో రాజీకి ముందు ఆడవాళ్లతో విడివిడిగా కూర్చున్నాం. ఈ పనిలో కొత్తగా వచ్చేవాళ్లు ఆడవాళ్లంతా ఒకటే కోరుకుంటారని అనుకుంటారు. ఇక్కడ మూడు గొంతులు వినిపించాయి, మూడూ వేరు వేరు.

తండా ఆడవాళ్లకు పగటి నీళ్లు కావాలి, నాట్ల పని మళ్లీ కావాలి. ఊరి రైతు కుటుంబాల ఆడవాళ్లకు బయటి ముఠాలతో విసుగొచ్చింది. పిలిచిన రోజు రారు, రేటు ఎక్కువ. తండావాళ్లు తిరిగి రావాలనే వాళ్లకూ ఉంది, కానీ పగటి నీళ్లు వదులుకోవడం అనగానే వెనక్కి తగ్గారు. భర్త పోయి సొంతంగా రెండెకరాలు చేసుకుంటున్న ఒకావిడ సూటిగా అడిగింది: "పగటి నీళ్లు వాళ్లకిస్తే రాత్రి నేను పోవాల్నా మేడమ్? భయం వాళ్లకేనా, నాకు లేదా?"

మూడో గొంతు ఊళ్లోని ఎస్సీ వాడ కూలీ ఆడవాళ్లది. వాళ్లకు ఆయకట్టులో భూమి లేదు, కేసులతో సంబంధం లేదు, ఏ పంచాయితీకీ వాళ్లను పిలిచే ఆలోచన ఎవరికీ రాదు. తండావాళ్లను పిలవకపోవడంతో ఆ నెల వాళ్లకు నాట్ల పని దొరికింది. "వాళ్లు తక్కువకొస్తరు, మళ్ల మమ్మల్ని అడిగేటోళ్లుండరు. నీళ్ల పంచాయితీ తెంపుకొని మా నోటికాడి కూడు తియ్యకుండ్రి" అన్నారు. చాలా న్యాయమైన మాట. నీళ్ల వంతులు ఎంత బాగా పంచినా, నాట్ల రేటు తేలకపోతే ఈ తగాదా నీళ్ల నుంచి కూలి మీదికి మారుతుంది తప్ప తీరదని అక్కడే తెలిసింది. మొదటి కాగితంలో కూలి అన్న మాటే లేదు, ఎందుకంటే నాట్లు వేసేవాళ్లెవరూ ఆ గదిలో లేరు.

గదిలోకి తీసుకురావడం

"ఆమెకు గీ నీళ్ల ముచ్చట ఏమెరుక మేడమ్? నేను చూసుకుంట, సంతకం ఆమెతోని పెట్టిస్త." ఊరి సర్పంచ్ భర్త మర్యాదగానే అన్నాడు ఈ మాట. ఒక పెద్దమనిషి ఇంకాస్త ముందుకెళ్లి, ఆడోళ్లు కూసుంటే పంచాయితీ తెగదు, పెరుగుతది అన్నాడు. సర్పంచుల స్థానంలో భర్తలు నడిపించడం ఎంత పాతుకుపోయిందంటే, 2023లో కేంద్ర పంచాయతీరాజ్ శాఖ దీని మీదే ఒక కమిటీ వేసింది.

హక్కుల గురించి ఉపన్యాసం ఇస్తే ఆ రోజే తలుపులు మూసుకునేవి. కాలువ మాట ఎత్తాను. తెగిన కాలువ బాగుచేయడానికి ఉపాధి హామీలో పని పెట్టించవచ్చు. దానికి రెండు పంచాయతీల తీర్మానాలు కావాలి. తీర్మానం చేసే సభకు అధ్యక్షత వహించాల్సింది సర్పంచ్, భర్త సంతకం అక్కడ చెల్లదు. కాలువ అందరికీ కావాలి. కాబట్టి సర్పంచులిద్దరూ రావాల్సిందే. వస్తే, ఏం తీర్మానిస్తున్నారో తెలిసి రావాలి. దాంతో నా రెండో షరతు కూడా ఒప్పుకున్నారు: ముందు ఆడవాళ్లు విడిగా కూర్చుని, ఏయే విషయాలు తేలాలో రాసి తెస్తారు, పెద్దమనుషుల విషయాలకు అవి కలుస్తాయి.

నా అనుభవంలో ఈ ముందు కూర్చోవడం అసలు కూర్చోవడం కంటే ముఖ్యం. తగాదా ఏమిటో మగవాళ్లు రాసేసిన తర్వాత ఆడవాళ్లను పిలిస్తే, రాత్రి వంతు ఎన్ని గంటలు అన్న దాని మీద అభిప్రాయం అడుగుతారు. రాత్రి వంతు అసలు ఎందుకు అని అడిగే అవకాశం ఉండదు.

ఒక్క ఆడమనిషిని తెచ్చి కూర్చోబెట్టడం కూడా నేను ఒప్పుకోను. పదిహేను మంది మగవాళ్ల మధ్య ఒక్కతే కూర్చుంటే తల ఊపడం తప్ప ఏం చేస్తుంది? ఇద్దరు సర్పంచులు, తండా నుంచి, ఊరి రైతుల నుంచి, ఎస్సీ వాడ నుంచి ఇద్దరిద్దరు, సమాఖ్య నుంచి ఒకరు వచ్చారు. చోటు మండల ఆఫీసు నుంచి రెండు ఊళ్ల మధ్య ఉన్న బడి వరండాకు మార్చాం, సమయం సాయంత్రానికి మార్చాం. పగలు మండల కేంద్రానికి రమ్మంటే ఒక రోజు కూలి పోతుంది. కూలి పోగొట్టుకుని వచ్చిన మనిషికి తొందరగా ముగించి పోవాలనే టెన్షన్ తప్ప మాట్లాడే ఓపిక ఎక్కడిది?

వరండాలో

మొదటి గంట పాత గొడవే నడిచింది. ఎవరు ముందు కొట్టారు, ఎవరు ఏమన్నారు. తండా సర్పంచ్ ఏమీ మాట్లాడలేదు. ఊరి సర్పంచ్ రెండుసార్లు మొదలుపెట్టి భర్త వైపు చూసి ఆగింది. అప్పుడు కల్వర్టు దగ్గర నాకు లెక్క చెప్పిన ఆవిడ లేచి, అదే మూడు గంటల లెక్క అందరి ముందూ చెప్పింది. ఎగువ రైతుల్లో ఒకాయన అబద్ధం అన్నాడు. తూము ఎత్తి నీళ్లు వదిలే చెరువు నీరటి పక్కనే ఉన్నాడు. ఆయన్ని అడిగితే, కాసేపు తటపటాయించి, "నిజమే పటేలా, మూడు గంటలైతది. పూడిక ఎక్కువున్ననాడు ఇంకెక్కువే" అన్నాడు. అంతకుముందు ఆయన్ని ఎవరూ అడగలేదు. పంచాయితీ మలుపు తిరిగింది అక్కడే.

ఆ తర్వాత రాత్రి వంతుల సంగతి వచ్చింది. ఊరి వితంతు రైతు తన భయాన్ని మళ్లీ చెప్పింది. ఎదురుగా కూర్చున్న తండా ఆవిడ, "నీకు రాత్రి వద్దక్కా, మాకూ వద్దు. ఇంట్ల మొగోళ్లున్నోళ్లు రాత్రి పారబెట్టుకుంటరు" అంది. ఊరు, తండా అన్న గీత ఆ మాటతో చెరిగిపోయింది. రాత్రి పోగలిగే మనిషి ఉన్న ఇల్లు, లేని ఇల్లు అన్న కొత్త లెక్క వచ్చింది. ఊరి సర్పంచ్ ఈసారి భర్త వైపు చూడకుండానే, "గట్లనే రాయుండ్రి" అంది.

రాసుకున్నది ఇది. వారంలో నాలుగు పగళ్లు ఊరికి, మూడు పగళ్లు తండాకు. తండా ఆయకట్టు తక్కువ కాబట్టి మూడు. రాత్రి నీళ్లు ఏ ఊరివాళ్లయినా ఇష్టపడి తీసుకునేవాళ్లకే. రాత్రి పోయే మనిషి లేని ఇంటికి, అది ఏ ఊరిదైనా, పగటి వంతే. తండా వంతు తూము ఎత్తినప్పటి నుంచి కాకుండా కల్వర్టు దగ్గరికి నీళ్లు చేరినప్పటి నుంచి లెక్క. నాట్ల గుత్త రేటు ఎకరానికి అందరికీ ఒకటే, తండా అయినా ఎస్సీ వాడ అయినా. దానికంటే తక్కువకు ఎవరూ ఒప్పుకోవద్దు, ఎవరూ అడగొద్దు. గుట్ట తొవ్వ తెరవాలి. సమాఖ్య మీటింగు వచ్చే వారమే. వంతుల పుస్తకం ఊరి నుంచి ఒకరు, తండా నుంచి ఒకరు ఆడవాళ్లే రాయాలి, సమాఖ్య మీటింగులో రెండు పుస్తకాలూ సరిచూసుకోవాలి. జుర్మానా తీసేశారు. జుర్మానా వసూలు చేయడానికి మళ్లీ కొట్లాట అవుతుందని సమాఖ్య ఆవిడ అంది, అందరికీ సబబే అనిపించింది. చిన్న గాయాల కేసులు తర్వాత లోక్ అదాలత్‌లో రాజీ అయ్యాయి.

ఒక్క విషయంలో ఓడిపోయాం. బెల్టుషాపు ఎత్తేయాలని ఆడవాళ్లంతా, మూడు వాడలవాళ్లూ, ఒక్క గొంతుతో అడిగారు. పెద్దమనుషులు కాగితంలో రాయడానికి ఒప్పుకోలేదు, నోటిమాటగా సరే అన్నారు. ఆ యాసంగి మూసి ఉంది. వానలు పడేసరికి మళ్లీ తెరిచారు. ఆడవాళ్లందరూ ఏకమైన ఒకే ఒక్క కోరిక కాగితం ఎక్కలేదన్నది నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

కరువు ఏడు

రాజీ నిలిచిందా లేదా అన్నది నీళ్లున్న ఏడు తేలదు. 2023లో కృష్ణా పరీవాహకంలో వానలు తగ్గాయి, ఎగువ నుంచి వరద సరిగా రాలేదు. చెరువు సగం కూడా నిండలేదు. 2024 జనవరి ఆఖరుకు సర్పంచుల పదవీకాలం ముగిసింది. ఎన్నికలు జరగలేదు, స్పెషల్ ఆఫీసర్లు వచ్చారు. అంటే నీళ్లు తక్కువైన పంట నడుమ, పంచాయితీ పిలవాల్సిన ఇద్దరు సర్పంచులూ పదవిలో లేరు.

వంతుల పుస్తకం రాసే ఇద్దరు ఆడవాళ్లు అంతకుముందే, నార్లు పోయకముందే, సమాఖ్య మీటింగులో నీళ్ల సంగతి ఎత్తారు. నిరుటి పుస్తకం చూసి, ఏ మడికి ఎన్ని పగళ్లు పట్టిందో లెక్క కట్టి, ఉన్న నీళ్లకు ఎంత వరి సాధ్యమో చెప్పారు. పెద్దమనుషులను వాళ్లే పిలిచారు. చివరి మళ్లలో చాలావరకు వరి మానేసి వేరుశనగ, జొన్న వేసుకున్నారు. ఆ యాసంగి పోలీసు స్టేషన్‌కు ఒక్క ఫిర్యాదు పోలేదు.

వరి వదులుకున్నది ఎక్కువగా తండావాళ్లే. ఎగువ రైతులు కొద్దిగా తగ్గించుకున్నారు, అంతే. శాంతిగా జరిగినంత మాత్రాన సమంగా జరిగినట్టు కాదు. పుస్తకం వాళ్ల చేతిలో ఉండడం వల్ల ఆ నష్టం ఎవరికి ఎంతో కనీసం లెక్కకు వచ్చింది. మరుసటి వానాకాలం వంతులు మాట్లాడుకునేటప్పుడు తండావాళ్లు ఆ పేజీ తెరిచి అడిగారు, ఒక పగలు అదనంగా తెచ్చుకున్నారు.

ఇంకా తేలనివి

2025 డిసెంబరులో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. పుస్తకం రాసిన ఇద్దరిలో ఒకరు వార్డు మెంబరుగా గెలిచారు. ఎన్నికల్లో ఆమెకు ఓటేసినవాళ్లలో కొందరు, పుస్తకం తప్పు రాయలేదు కాబట్టి వేశామని నాతో అన్నారు. 2023 మధ్యవర్తిత్వ చట్టం ఊరి ప్రశాంతతను దెబ్బతీసే తగాదాలకు ముగ్గురు మధ్యవర్తుల ప్యానెల్ గురించి చెప్పింది. అందులో ఆడవాళ్ల ప్రాతినిధ్యం చూడవచ్చని ఉందే తప్ప తప్పనిసరి లేదు. తప్పనిసరి చేయాలి. ఇలాంటి ఆడవాళ్లు ప్రతి మండలంలోనూ ఉన్నారు.

పెద్ద చిక్కు పాసుపుస్తకం. 1997 చట్టం కింద వచ్చిన నీటి వినియోగదారుల సంఘాల దగ్గర్నుంచి నిన్నటి రైతుబంధు, ఇప్పటి రైతు భరోసా దాకా, రైతు అంటే రికార్డుల్లో, పాసుపుస్తకంలో పేరున్న మనిషి. తండాలో నీళ్లు పారించే ఆడవాళ్లలో చాలామందికి భూమి భర్త పేరునో మామ పేరునో ఉంది. అందుకే ఏ అధికారిక సమావేశానికి జాబితా తీసినా వాళ్ల పేర్లు రావు, పుణెలో ఉన్న మగవాళ్ల పేర్లు వస్తాయి. ఈ యాసంగి నుంచి వంతుల జాబితాలో పట్టాదారు పేరు పక్కన, నీళ్లు పారించే మనిషి పేరు కూడా రాయాలని, చెరువు మీద ఏ మీటింగు పెట్టినా ఆ రెండో పేరునే పిలవాలని అడుగుతున్నాం. తండా మొత్తం ఒప్పుకుంది. ఎగువ రైతుల్లో సగం మంది ఒప్పుకున్నారు. మిగతావాళ్లకు, రెండో పేరు రాస్తే రేపు భూమిలో వాటా అడుగుతారేమోనన్న అనుమానం ఉంది. వాళ్లతో వచ్చే నెల కూర్చుంటున్నాం.